సాంబ్రాణి వేలు

సూర్యప్రభ మేకుల బూట్లు సంచి అడుగున పెట్టింది. వాటి మీద తెల్ల ప్యాంట్లు మడతపెట్టి, ఆవకాయ సీసాలు రెండు పాత చీరముక్కలో చుట్టి పక్కన ఇరికించి, జిప్పు లాగింది. పెరట్లో ముఖం కడుక్కుని వచ్చిన హేమచంద్ ఆ జిప్పు తీసి, సామానంతా మంచం మీద పరిచి మళ్ళీ మొదటినుంచి సర్దడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, ఏం తప్పు చేశానని?"

"తప్పేం లేదు ప్రభా. బూట్లలో పాత పేపర్లు కుక్కి చెరో పక్కనా పెడితే సంచి ఒరగదు. పెగ్గీ అట్టాగే సర్దుద్ది."

సూర్యప్రభ వెళ్ళి పాత పేపర్లు తెచ్చి ఇచ్చింది. ఆ పేరు ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వినబడుతోంది. హేమచంద్ ఎడంచేత్తో బంతిని తిప్పే బౌలరు. ఇరవయ్యొకటో ఏట ఆంధ్రా జట్టులోకి వచ్చాడు. వచ్చాడన్నమాటే గానీ, ఎవరికో కాలు బెణికితే పిలిచేవాళ్ళు, ఆ కాలు బాగుపడితే పంపేసేవాళ్ళు. రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో గుమాస్తా ఉద్యోగం వస్తే, అందులో చేరితే ఇక పెద్ద జట్టు పిలవదేమోనని వదులుకున్నాడు. ఆ తరవాత మద్రాసులో కంపెనీల లీగు, ఢాకాలో రెండు చలికాలాలు, కొలంబోలో ఒకటి, స్కాట్లాండులో సగం వేసవి. ఎక్కడ పిలిస్తే అక్కడికి సంచి భుజాన వేసుకుని వెళ్ళేవాడు. చివరికి ఐర్లాండులో వాటర్‌ఫోర్డ్ దగ్గర ఒక చిన్న ఊరి క్లబ్బు ప్రతి వేసవికీ పిలవడం మొదలుపెట్టింది. జీతం తీసుకుని ఆడేవాడు ఆ జట్టుకి ఒక్కడే. మిగిలినవాళ్ళంతా ఆదివారం సరదాకి ఆడేవాళ్ళు. ఏప్రిల్లో వెళ్ళి సెప్టెంబరు ఆఖరుకి వచ్చేవాడు. అక్కడ అతనికి బస ఇచ్చే ఇల్లు పెగ్గీది.

పెగ్గీకి డెబ్బై దాటాయని సూర్యప్రభకి తెలుసు. ఫోటోలు చూసింది. పొడుగ్గా, బక్కగా, మగవాళ్ళ టోపీ పెట్టుకుని ఉంటుంది. తెలిసీ ప్రయోజనం లేకపోయింది. ముందు ఆ పేరు పెట్టి పిలవడం దగ్గరే ఆమెకి మనసు ముడిపడిపోయింది. ఆంటీ అనొచ్చు, అమ్మ అనొచ్చు. అంత పెద్దావిడని పట్టుకుని పెగ్గీ, పెగ్గీ అని ఈడుదాన్ని పిలిచినట్టు పిలవడమేమిటి?

ఈసారి ఆమె కూడా వెళ్తోంది. పట్టుబట్టి వీసా తెప్పించుకుంది, తను హిందీ చెప్పే స్కూల్లో సెలవు పెట్టింది. హేమచంద్‌కి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఈ వేసవి బాగా ఆడితే ఏడాది పొడుగునా ఉండే కోచ్ ఉద్యోగం ఇస్తామని క్లబ్బువాళ్ళు చెప్పారు. ఇస్తే ఇద్దరూ అక్కడే ఉండిపోవచ్చు. ఇవ్వకపోతే ఇక అతన్ని పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆ ఉద్యోగం రావాలని సూర్యప్రభ కనపడ్డ దేవుడికల్లా మొక్కింది. వచ్చాక వేరే ఇల్లు తీసుకోవాలని కూడా మొక్కింది.

2020 మార్చి మొదటి వారంలో దిగారు. మూడు వారాలు గడిచేసరికి స్కూళ్ళు మూతపడ్డాయి, ఆటలు ఆగిపోయాయి, ఇంటికి రెండు కిలోమీటర్లు దాటి ఎవరూ కదలకూడదన్నారు. డెబ్బై దాటినవాళ్ళు అసలు గడపే దాటకూడదన్నారు. దానికి అక్కడివాళ్ళు పట్టుపురుగు గూడు పేరు పెట్టి కకూనింగ్ అన్నారు. అట్లా క్రికెట్ మైదానం అంచున ఉన్న ఆ ఇంట్లో ముగ్గురూ చిక్కుకుపోయారు.

మొదటిరోజు సూర్యప్రభ "ఆంటీ" అని పిలిచింది.

"నేనెవరికీ ఆంటీని కాదమ్మాయ్. పెగ్గీని," అందావిడ, కేటిల్ పొయ్యి మీద పెడుతూ.

సూర్యప్రభకి ఆ పేరు నోట రాలేదు. అవసరమైనప్పుడల్లా ఎదురుగా వెళ్ళి నిలబడేది.

పెగ్గీ భర్త ఆ మైదానానికి కాపలాదారు. గడ్డి కొయ్యడం, ఆడే పిచ్‌ని చదును చెయ్యడం అతని పని. అతను పోయాక కూడా క్లబ్బు ఆ ఇంటిని ఆవిడకే ఉంచింది. ముప్ఫై ఏళ్ళుగా మ్యాచిలకి స్కోరు రాసేది ఆవిడే. ఏ బౌలరు ఎన్ని బంతులకి అలిసిపోతాడో, ఎవరికి ఏ గాలి కలిసొస్తుందో ఆవిడ నాలిక చివర ఉండేది. హేమచంద్ గురించి అయితే ఇక అడగక్కర్లేదు. భుజం పట్టేసిందని అతను చెప్పకముందే వేడినీళ్ళ సంచి తెచ్చి కుర్చీ వీపున పెట్టేది. గుడ్డు ఎంతసేపు ఉడకాలో, టీలో పాలెంతో ఎరుగును. పెళ్ళై పదమూడేళ్ళైంది, అతను టీలో చక్కెర మానేశాడన్న సంగతి సూర్యప్రభకి ఆ వంటింట్లోనే తెలిసింది.

"ఎప్పట్నుంచి మానేశారు?"

"నాలుగేళ్ళైందేమో."

"మరి ఇంటి దగ్గర నేనిస్తే తాగుతారుగా."

"నువ్వేసి ఇస్తావు, తాగుతాను. దాందేముంది?"

సూర్యప్రభ చక్కెర డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది.

ఇంకొకరోజు ముందుగదిలో టీవీ నడుస్తోంది. కొత్త ఆటలు లేక పాత మ్యాచిలు వేస్తున్నారు. ఒక కుర్ర ఎడంచేతి బౌలరు బంతి అందుకున్నాడు. వెంటనే పెగ్గీ రిమోటు తీసుకుని వాతావరణం వార్తలు పెట్టింది. సూర్యప్రభకి ఆ కుర్రాడెవరో తెలుసు. ఒకప్పుడు విజయవాడ క్యాంపులో హేమచంద్ దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నవాడే. ఏలూరులో తమ ఇంటి టీవీలో అతను కనిపించినప్పుడల్లా ఆమె సౌండు పెంచి, "ఏవండీ, మీ శిష్యుడు," అని వంటింట్లోంచి కేకేసేది. హేమచంద్ వచ్చి నిలబడి చూసేవాడు. నవ్వేవాడు కూడా. ఆ నవ్వు వెనక ఎంత మంట ఉందో ఇన్నేళ్ళలో ఆమెకి తోచలేదు. సముద్రాలవతల ఉన్న ఈవిడకి మాత్రం తోచింది. తన మొగుడు ఇంకొకడి మీద కుళ్ళుకుంటాడన్న సంగతి తెలిసినందుకు ఆమె బాధపడలేదు. అది తనకంటే ముందు వేరొకరికి తెలిసినందుకు ఆ పూట అన్నం సహించలేదు.

అయితే వీటన్నిటికీ మించినది ఒక సీసా.

ప్రతి సెప్టెంబరులో హేమచంద్ ఇంటికి చేరేసరికి అతని ఎడంచేతి చూపుడువేలు సాంబ్రాణి వాసన వేసేది. మొదటి ఏడు ఆమె ఏమనుకుందంటే, దిగి దిగగానే గుడికి వెళ్ళి వచ్చాడనుకుంది. ఆటగాడికి ఇంత భక్తి ఉందా అని మురిసిపోయింది. అడగలేదు. అడిగితే పుణ్యం పోతుందేమోనని ఆమె భయం. ఆ తరవాత ఏటా ఆ వాసన కోసం ఎదురుచూసేది. ఆ చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని నిద్రపోయేది. నాలుగైదు రోజుల్లో వాసన పోయేది.

ఏప్రిల్ నెల మొదట్లో ఒక సాయంత్రం, మైదానంలో ఒక్కడూ బకెట్టుకి గురిపెట్టి బంతులు వేసి వచ్చిన హేమచంద్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఎడంచెయ్యి చాపాడు. బంతి దారపు కుట్ల మీద తిప్పి తిప్పి ఆ వేలు కాయ కాచి, కాయ మధ్యలో చిట్లింది. పెగ్గీ ప్రెస్ తలుపు తీసింది. గోడ బీరువాని ఆ దేశంలో అట్లాగే అంటారు. లోపల్నుంచి చిన్న గోధుమరంగు సీసా తీసి, దూదితో ఆ వేలికి మందు రాసింది. చిట్లిన చోట చురుక్కుమని హేమచంద్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ వేలి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

వంటింటి నిండా సాంబ్రాణి వాసన.

"ఏంటది?" అంది సూర్యప్రభ.

"సాంబ్రాణితో చేసే పాతకాలపు మందులే. చర్మం గట్టిపడుద్ది. వాళ్ళాయన ఇక్కడ బౌలర్లందరికీ రాసేవాడంట," అన్నాడు హేమచంద్ తెలుగులో.

"రేపు పొద్దున్న సబ్బుతో కడిగెయ్యి హేమ్," అంది పెగ్గీ అతనితో. "బంతి పట్టే రోజు చేతిమీద ఏదీ ఉండకూడదు. ముందురోజు రాత్రి రాయాలి, పొద్దున్న కడగాలి. అంతే."

సూర్యప్రభ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది. తను బుగ్గ కింద పెట్టుకుని పడుకున్నది ఈవిడ ఊదిన వేలు. ఆరాత్రి అతను చెయ్యి మీద వేస్తే, చలి వంక పెట్టి గోడవైపు తిరిగింది.

కాలం కొంచెం ఆమెవైపు తిరిగింది కూడా. పెగ్గీ గడప దాటకూడదు కాబట్టి సరుకులకి వెళ్ళేది సూర్యప్రభే. దారిలో గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడిగితే, "ఇంట్లో పెద్దావిడ ఉంది, ఆవిడకి నేనే తేవాలి," అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పడం ఆమెకి బాగుండేది. పెగ్గీకి ఇష్టమైన బిస్కెట్లు దొరకలేదని ఒకసారి, ఉన్నా దొరకలేదని ఇంకోసారి చెప్పింది. పెగ్గీ రెండుసార్లూ "గ్రాండ్" అంది. సరేలే అని చెప్పడానికి ఆవిడ దేనికైనా అదే మాట అంటుంది.

జూన్ నెలలో, ఆటలు మొదలుకావచ్చని కబురొచ్చింది. కబురు తెచ్చినవాడు త్రినాథ్. వాటర్‌ఫోర్డ్ పెద్దాసుపత్రిలో డాక్టరు, తెనాలివాడు, క్లబ్బు జట్టుకి కెప్టెను. గోడ అవతల నిలబడి, మాస్కు గడ్డం కిందకి లాగి మాట్లాడాడు.

"అన్నా, జూలై నెలాఖరునుంచి ఆరు మ్యాచిలు. కోచ్ పోస్టు సంగతి కూడా వాటిని చూసే తేలుస్తారంట. కానీ ఒక కొత్త రూలుంది. బంతికి ఉమ్ము రాయకూడదు. వేలు నాకి బంతి పట్టుకున్నా తప్పే. రెండుసార్లు హెచ్చరిస్తారు, మూడోసారి అయిదు పరుగులు అవతలోళ్ళకి."

హేమచంద్ ముఖం వాడిపోయింది. ప్రతి బంతికీ ముందు చూపుడువేలు నాలిక్కి తగిలించుకోవడం అతనికి పదేళ్ళ వయసునుంచి ఉన్న అలవాటు. ఎవరైనా చెబితే తప్ప చేస్తున్నట్టే తెలియదు.

"మానెయ్యి," అన్నాడు త్రినాథ్.

"శ్వాస మానెయ్యమన్నట్టుంది రా."

పెగ్గీ ఒక వారం ప్రయత్నం చేసింది. కిటికీలోంచి చూస్తూ, అతను వేలు పైకి ఎత్తినప్పుడల్లా గరిటెతో కిటికీ రెక్క మీద కొట్టేది. ఆ చప్పుడుకి చెయ్యి దించేవాడు, మరుసటి బంతికి మళ్ళీ నాకేవాడు. ఆవాలముద్ద రాసింది. అతనికి ఆ రుచి నచ్చింది.

అప్పుడు సూర్యప్రభ తన పెట్టెలోంచి వేపనూనె సీసా తీసింది. పాదాల పగుళ్ళకని తెచ్చుకున్నది. చెల్లెలి కూతురు బొటనవేలు చీకడం మానకపోతే తను చేసిన వైద్యమే ఇది. గోటి చుట్టూ రాసింది. మొదటి బంతికే హేమచంద్ ముఖం వికారంగా పెట్టి గడ్డిలో తుప్పుతుప్పున ఊశాడు.

"ప్రభా, చంపేస్తావా ఏంటి?"

"ఇంకో బంతి వెయ్యండి."

కిటికీ వెనకనుంచి పెగ్గీ నవ్వడం వినిపించింది. మూడు వారాలు పొద్దునా సాయంత్రం అదే పని. మెల్లగా ఆ చెయ్యి సగం దాకా లేచి ఆగిపోవడం నేర్చుకుంది. ఆ రోజుల్లో సూర్యప్రభ నడక మారింది. వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేట్టు పెట్టేది, కూనిరాగం తీసేది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతని బౌలింగులో తనకి ఒక చెయ్యి ఉంది.

"గ్రాండ్," అంది పెగ్గీ, ఈసారి మనస్ఫూర్తిగా. "నాకు తట్టలేదు చూడు. కానీ అమ్మాయ్, మ్యాచి రోజున మాత్రం వద్దు. వేలికి నూనె ఉంటే బంతికి అంటుద్ది. బంతికి నూనె అంటితే దాన్ని మోసం అంటారు."

"తెలుసు," అంది సూర్యప్రభ. ఆవిడ చెప్పకపోయినా బాగుండును అనుకుంది.

జూలై ఆఖరి ఆదివారం ఎండ కాసింది. ఎన్నో నెలల తరవాత మైదానం చుట్టూ మనుషులు, ఒకరికొకరు దూరంగా మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పెద్దవాళ్ళూ బయటికి రావచ్చన్నారు గనక పెగ్గీ తన పాత కారుని బౌండరీ తాడు దగ్గర నిలిపి, అందులోనే కూర్చుని అద్దం దించి స్కోరు రాస్తోంది. సూర్యప్రభ కుర్చీ ఆ కారుకి రెండు మీటర్ల దూరంలో ఉంది.

పొద్దున్న హేమచంద్ చెయ్యి సబ్బుతో కడుక్కున్నాడు. అదీ ఆమె చూసింది. ఆట మొదలుకాకముందు పక్కన నలుగురితో బంతులు వేస్తూ అతను వేలు పెదవి దాకా తీసుకెళ్ళి చటుక్కున దించడం కూడా చూసింది. మొదటిసారి తగల్లేదు గానీ, రెండోసారి పెదవికి తగిలిందనే ఆమెకి అనిపించింది. వీళ్ళందరూ చూస్తుండగా అంపైరు వేలు చూపించి హెచ్చరిస్తే? ఉద్యోగం పోతే? పోతే, మూడు వారాలు మీ ఆవిడ ఏం చేసిందట అని కారులోని మనిషి అనుకోదూ?

అతను బౌలింగు చేసేటప్పుడు నడుముకి ఎడంపక్కన చిన్న తువ్వాలు దోపుకుంటాడు. చెమట తుడుచుకోవడానికి. ఏటా అది ఉతికి ఇస్త్రీ చేసేది పెగ్గీ. ఈసారి సూర్యప్రభ ముందే లాక్కుని తనే ఉతికింది. మొదట బ్యాటింగు చేసింది వీళ్ళ జట్టే. ఆ ఆటంతా తువ్వాలు ఆమె ఒళ్ళోనే ఉంది. బౌలింగుకి వెళ్ళే ముందు హేమచంద్ దానికోసం వచ్చేసరికి, ఆమె హ్యాండుబ్యాగులోంచి సీసా తీసి, తువ్వాలు ఒక మూలకి నాలుగు చుక్కలు అద్ది, బాగా నలిపి, మడతపెట్టి ఉంచింది. వేలికి రాయలేదు కదా అనుకుంది. మూలకి కాసింత చేదు ఉంటే చాలు.

అతను తీసుకుని వెళ్ళిపోయాడు. అందరి చేతులూ అప్పుడే శానిటైజరు కంపు కొడుతున్నాయి, వేపవాసన అందులో కలిసిపోయింది.

మొదటి ఓవర్లు అద్భుతంగా పడ్డాయి. బంతి గాలిలో ఆగినట్టు ఆగి, నేలని తాకి అవతలికి తిరిగింది. రెండు వికెట్లు పడ్డాయి. అతను ఒక్కసారి చెయ్యి పెదవిదాకా తీసుకెళ్ళి, ముఖం చిట్లించుకుని దించేశాడు. సూర్యప్రభకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారువైపు చూసింది, ఆవిడ చూసిందో లేదోనని.

ఆరు ఓవర్లకొకసారి ఆట ఆపి, అందరూ చేతులు శుభ్రం చేసుకుని, బంతిని తడికాగితంతో తుడవాలని మరో కొత్త రూలు. అంపైరు ముందరే త్రినాథ్ తుడిచాడు. తెల్లకాగితం మీద పసుపుపచ్చగా జిడ్డు దిగింది. అంపైరు దాన్ని చూసి, మాస్కు కిందకి లాగి వాసన చూశాడు. హేమచంద్ నడుముకున్న తువ్వాలు అడిగి తీసుకున్నాడు. అవతలి జట్టు బ్యాటర్లు ఇద్దరూ దగ్గరికొచ్చారు. గొంతులు పెరిగాయి.

హేమచంద్ తువ్వాలు వంక, తన వేలి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. అతనికి అర్థమైంది. సూర్యప్రభ వైపు చూడలేదు. చూస్తే అందరూ అటే చూస్తారని.

కారు తలుపు చప్పుడైంది. పెగ్గీ టోపీ సర్దుకుంటూ తాడు దాటి గడ్డిలోకి నడిచింది. సూర్యప్రభ కూడా లేచి వెనకాలే వెళ్ళింది.

"అది నా మందు డెక్లన్," అంది పెగ్గీ ఆ అంపైరుతో. "వేలు చిట్లితే రాశాను. పొద్దున్న కడగమని చెప్పడం మర్చిపోయాను. ముసలిదాన్ని. నీ వేలికి కూడా రాయలేదూ, నీకు బౌలింగు చెయ్యాలని సరదా ఉన్న రోజుల్లో?"

అంపైరు ముఖంలో బిగువు సడలింది. ఆ మందు సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. గాయానికి రాసిన మందు, కడగని ముసలావిడ మతిమరుపు. బంతి మారుస్తాను, అయిదు పరుగులు వాళ్ళకి ఇస్తాను, ఇంతటితో సరి అని సణిగాడు. అవతలి బ్యాటరు ఒకడు నవ్వాడు కూడా.

హేమచంద్ పెగ్గీ వైపు చూశాడు. తప్పిపోయి దొరికిన పిల్లవాడు తల్లిని చూసినట్టు చూశాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆ చూపు సూర్యప్రభ వైపు ఒక్కసారి తిరిగింది లేదు.

"మందు కాదు," అంది సూర్యప్రభ ఇంగ్లీషులో. "నీమ్ ఆయిల్. నేను పెట్టాను. తువ్వాలుకి. ఆవిడ పెట్టలేదు."

త్రినాథ్ గబగబా దగ్గరికి వచ్చాడు. "వదినా, ఊరుకోండి. ఆవిడ సర్దేసింది. మీరు పొరపాటుపడ్డారు అని చెప్తాను, కుర్చీలోకెళ్ళి కూర్చోండి."

"పొరపాటేం పడలేదు. నా మొగుడి తువ్వాలు ఉతికింది నేను. నూనె పూసింది నేను. ఆవిడకేం సంబంధం?"

"వదినా, మీకు అర్థం కావట్లేదు. కావాలని పూశారంటే రిపోర్టు రాస్తారు. ఉద్యోగం పోద్ది."

ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాకే హ్యాండుబ్యాగు తెరిచి సీసా తీసి అంపైరు చేతికి ఇచ్చింది.

రిపోర్టు రాశారు. లీగు పెద్దలు వీడియోలో సమావేశమై, కావాలని బంతికి జిడ్డు అంటించినందుకు మిగిలిన మ్యాచిలన్నిటికీ హేమచంద్‌ని తప్పించారు. భార్య చేసిందంటే భర్తకి తెలియకుండా ఎట్లా ఉంటుందని అడిగారట. కోచ్ పోస్టు ఇప్పట్లో కుదరదని క్లబ్బువాళ్ళు మర్యాదగా చెప్పారు.

ఆ ఆదివారం సాయంత్రం వంటింట్లో పెగ్గీ బంగాళాదుంపలు ఉడకేసి, వీపు తిప్పకుండానే అడిగింది. "ఎందుకు చెప్పావు?"

"అది నిజం."

"నిజమే. నేనడిగింది అది కాదు."

సూర్యప్రభకి ఇంగ్లీషు అందలేదు. తెలుగులోనే అంది. "మీరు ఆయనకి అన్నీ చేశారు. ఆఖరికి నా తప్పు కూడా మీరే చేశానంటే, ఇక నాకని ఏం మిగిలింది?"

"ఏమన్నావో నాకు ఒక్క ముక్క తెలియలేదు," అంది పెగ్గీ. "గిన్నె పొంగుతోంది, ఆ మూత తియ్యి."

హేమచంద్ కోప్పడలేదు. కోప్పడితే సూర్యప్రభకి బతికినట్టుండేది. "నిజమేగా చెప్పావు," అన్నాడు, అంతే. ఆ తరవాత మైదానం వైపు వెళ్ళలేదు. ముందుగదిలో కూర్చుని టీవీలో ఏది వస్తే అది చూసేవాడు. ఆ కుర్ర బౌలరు కనిపించినా పెగ్గీ రిమోటు అందుకోవడం మానేసింది, అతను కదలకుండా చూసేవాడు గనక. ఆగస్టు వచ్చేసరికి బంతి తగలక వేలి మీది కాయ పొట్టులా ఊడిపోయింది. కింద లేతగా, ఎర్రగా, పిల్లల చర్మంలాంటి చర్మం వచ్చింది. దానికి మందు రాయాల్సిన పని పెగ్గీకి లేదు, నూనె రాయాల్సిన పని సూర్యప్రభకి లేదు. వేలు పెదవి దగ్గరికి వెళ్ళడం కూడా ఆగిపోయింది.

అక్టోబరులో ప్రభుత్వం వేసిన ప్రత్యేక విమానంలో చోటు దొరికింది. త్రినాథ్ కారు తెచ్చాడు. పెగ్గీ గుమ్మంలోనే నిలబడింది. కౌగిలించుకోకూడదు, చెయ్యి కలపకూడదు.

"ఏప్రిల్‌కి వస్తాను పెగ్గీ," అన్నాడు హేమచంద్.

"ఆటగాడిగా కాకపోతే గడ్డి కొయ్యడానికి రా," అంది ఆవిడ. "గది అట్లాగే ఉంచుతాను."

కారు మలుపు తిరిగేదాకా అతను వెనక్కి తిరిగే కూర్చున్నాడు. సూర్యప్రభ ముందుకే చూస్తూ కూర్చుని, గది ఎవరికోసం ఉంచుతుంది, మా ఇద్దరికోసమా, ఆయన ఒక్కడికోసమా అని విమానం ఎక్కేదాకా ఆలోచించింది.

ఏలూరులో అతను పూర్తిగా ఆమెవాడయ్యాడు. ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. చక్కెర లేని టీ ఇస్తే తాగేవాడు, చక్కెర వేసిచ్చినా తాగేవాడు. ఆదివారం సాయంత్రాలు మాత్రం ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళి పెగ్గీతో మాట్లాడేవాడు. మైదానంలో గడ్డి ఎంత పెరిగింది, ఎవరు ఏమాడుతున్నారు, అవే మాటలు. సూర్యప్రభ తలుపు పక్కన నిలబడి వినేది. ఇంగ్లీషు మాటల మధ్య అతను నవ్వినప్పుడు, ఎందుకు నవ్వారని ఆ తరవాత అడిగేది. "ఏం లేదులే," అనేవాడు.

ఏప్రిల్ నెలాఖరున అతనికి జ్వరం వచ్చింది. ఊపిరి అందక, ఆసుపత్రిలో పడక కోసం ఏలూరంతా తిరిగి, విజయవాడ తీసుకువెళ్ళారు. ఆమెని లోపలికి రానివ్వలేదు.

పెగ్గీకి నేను చెబుతాలే వదినా అని త్రినాథ్ ఫోనులో అన్నాడు. సూర్యప్రభ వద్దంది. ఆయన కబురు ఆవిడకి ఇంకొకళ్ళు చెప్పడానికి వీల్లేదంది. తనే నంబరు నొక్కింది. "పెగ్గీ," అని పిలిచింది. జన్మలో మొదటిసారి ఆ పేరు పలికింది. చెప్పవలసిన రెండు ముక్కలూ ముందే ఇంగ్లీషులో కూడబలుక్కుని ఉంచుకుంది, అవి చెప్పింది. అవతల ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు తన ఏడుపు కంటే పెద్దదేమోనని సూర్యప్రభ ఫోను చెవికి గట్టిగా నొక్కిపట్టి ఆఖరిదాకా విన్నది.

హేమచంద్ మళ్ళీ ఐర్లాండు వెళ్ళలేదు, విజయవాడనుంచి ఇంటికీ రాలేదు. 2021 మే పదహారు, ఆదివారం పోయాడు.